చార్టు మీద కోతి, చేన్లో గులాబీ పురుగు: పదో తరగతి జీవపరిణామం పాఠంపై ఒక కేస్ స్టడీ

జీవశాస్త్రం టీచర్లకు శిక్షణ ఇచ్చే పనిలో భాగంగా నేను చూసిన కేసు ఇది. ఉత్తర తెలంగాణలో పత్తి ఎక్కువగా పండే ఒక మండలం, అక్కడి ప్రభుత్వ ఉన్నత పాఠశాల. ఊరినీ, బడినీ, మనుషులనూ గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. ఈ పాఠం దగ్గర చిక్కుల్లో పడే టీచర్లు చాలామంది ఉన్నారు. మతం పేరుతో వచ్చిన ఫిర్యాదు వెనక అసలు బాధ వేరే చోట ఉండొచ్చని ఈ కేసు చూపించింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

2019 జనవరి. పదో తరగతికి సిలబస్ ముగించి రివిజన్ మొదలుపెట్టాల్సిన రోజులు. జీవశాస్త్రం చెప్పే మేడమ్ ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. సబ్జెక్టు మీద మంచి పట్టున్న మనిషి, పిల్లలకు ఆమె అంటే ఇష్టం. రాష్ట్ర పాఠ్యపుస్తకంలో అనువంశికత పాఠం మెండల్ బఠానీ మొక్కలతో మొదలై లామార్క్, డార్విన్, నిర్మాణ సామ్య అవయవాలు, శిలాజాల మీదుగా మానవ పరిణామం దాకా వెళ్తుంది. ఆమె మెండల్ వరకు ఏ ఇబ్బందీ లేకుండా చెప్పింది. మానవ పరిణామం దగ్గరికి వచ్చాక బజారులో దొరికే ఒక చార్టు కొని గోడకు తగిలించింది. ఎడమ చివర వంగి నడిచే కోతి లాంటి జీవి, మధ్యలో కొంచెం కొంచెంగా నిటారుగా లేచే ఆకారాలు, కుడి చివర నిలబడ్డ మనిషి. ఆ చార్టు అందరూ చూసే ఉంటారు.

బయటి వాతావరణం కూడా చెప్పాలి. అంతకు ముందు ఏడాది, 2018 జనవరిలో, కేంద్ర మానవ వనరుల శాఖ సహాయ మంత్రి డార్విన్ సిద్ధాంతం శాస్త్రీయంగా తప్పని, కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదని అన్నారు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఆ మాటను ఖండిస్తూ ప్రకటన ఇచ్చాయి. సరిగ్గా ఏడాది తిరగగానే జలంధర్‌లో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి వైస్ ఛాన్సలర్ డార్విన్ కంటే దశావతారాల సిద్ధాంతమే మెరుగైనదన్నారు. టీవీల్లో వచ్చింది, వాట్సాప్‌లో తిరిగింది. ఈ పాఠం మొదలయ్యేసరికి ఊళ్లో చాలామంది ఈ విషయం మీద ఏదో ఒక అభిప్రాయంతో ఉన్నారు.

ఫిర్యాదు

హెచ్ఎం గారి బల్ల మీదికి ఒక కాగితం వచ్చింది. ఊళ్లోని చిన్న చర్చి పాస్టర్, మరికొందరు తల్లిదండ్రులు సంతకాలు పెట్టారు. దేవుడు మనిషిని తన పోలికలో సృష్టించాడని తాము పిల్లలకు నేర్పుతుంటే బడిలో కోతి నుంచి పుట్టారని చెబుతున్నారు, ఇది తమ విశ్వాసాన్ని కించపరచడమే, పాఠం ఆపాలి అని సారాంశం. రెండు రోజుల తేడాతో విద్యా కమిటీలోని ఒక పెద్దమనిషి వచ్చి పాఠం ఆపొద్దన్నారు. ఆయన కోరిక వేరు. డార్విన్ పక్కన దశావతారాలు కూడా రాయించాలట: మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం, వామనుడు. మనవాళ్లు ఎప్పుడో చెప్పేశారు కదా అని.

మేడమ్‌కు టెన్షన్ పట్టుకుంది. హెచ్ఎం నాకు ఫోన్ చేసేటప్పటికి అప్పటికే మూడు దారులు ప్రయత్నించి చూశారు.

ప్రయత్నించినవి, పనిచేయనివి

మొదటిది పాఠం ఆపేయడం. మానవ పరిణామం పేజీలు వదిలేసి తర్వాతి పాఠంలోకి వెళ్లమని హెచ్ఎం చెప్పారు. ఆయన ఆలోచనలో తర్కం లేకపోలేదు. పరీక్షలు దగ్గర పడుతున్నాయి, ఊళ్లో గొడవ వద్దు, మిగతా పాఠం ఎటూ అయిపోయింది. కానీ చార్టు అప్పటికే గోడ మీద ఉంది, పిల్లలు చూసేశారు. ఇప్పుడు దాని గురించి మాట్లాడే టీచర్ మాత్రం లేదు. మనసులో పడిన బొమ్మను సరిదిద్దే అవకాశం అక్కడితో పోయింది. మేడమ్ భయపడిందని ఒక వర్గం పిల్లలు, మేమే గెలిచామని ఇంకో వర్గం పిల్లలు చెప్పుకోవడం మొదలుపెట్టారు.

రెండోది పెద్దవాళ్ల మాట ముందు పెట్టడం. తల్లిదండ్రుల సమావేశంలో మూడు అకాడమీల ప్రకటన గురించి చెప్పారు. వెంటనే కమిటీ పెద్దమనిషి ఫోన్ తీసి జలంధర్ వీడియో చూపించారు. వెనక వరసలో ఒక తండ్రి లేచి, "సార్, మీకు మీ పెద్దోళ్లు చెప్పిండ్రు, మాకు మా పెద్దోళ్లు చెప్పిండ్రు. ఎవర్ని నమ్మాలె?" అన్నాడట. నా దృష్టిలో ఆ ప్రశ్న న్యాయమైనది. సైన్సును పెద్దల మాటగా అందిస్తే అది ఇంకో పెద్ద మాటతో పోటీలో నిలబడాల్సి వస్తుంది. ఆ పోటీలో ఊరి పెద్దలే దగ్గరివాళ్లు.

మూడోది డిబేట్. డార్విన్ చెప్పింది ఒప్పా, మతం చెప్పింది ఒప్పా అని పిల్లలను రెండు జట్లు చేశారు. పిల్లలు వాదనను బట్టి కాకుండా ఇళ్లను బట్టి విడిపోయారు. ముస్లిం పిల్లలు ఇద్దరు ఏ జట్టులోకీ వెళ్లకుండా చివరి బెంచీలో కూర్చున్నారు. ఎవరూ ఒక్క సాక్ష్యం గురించి మాట్లాడలేదు. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలను తోటివాళ్ల ముందు తమ ఇంటి విశ్వాసం వైపా, టీచర్ వైపా అని నిలబెట్టడం నాకు ఏ విధంగానూ సబబు అనిపించదు. ఆ వయసులో ఎవరైనా ఇంటి వైపే నిలబడతారు. అలా నిలబడ్డాక పాఠం చెవికెక్కదు.

ఈ మూడింటికీ తోడు స్టాఫ్ రూమ్‌లో ఒక సలహా వినిపించింది: "మార్కుల కోసం రాయండి, నమ్మక్కర్లేదు అని చెప్పేయండి మేడమ్." మన బడుల్లో ఎక్కువమంది ఇలాగే గట్టెక్కుతారు. దాన్ని వద్దని గట్టిగా చెప్పాను. ఆ మాటతో ఊరు శాంతిస్తుంది, నిజమే. కానీ సైన్సంటే మార్కులకు పనికొచ్చే అబద్ధం అని టీచరే పిల్లలకు చెప్పినట్టవుతుంది. నమ్మకం గురించి అడగకపోవడం వేరు, పాఠానికి విలువ లేదని చెప్పడం వేరు.

ఫిర్యాదు వెనక ఏముంది

నేను ముందు కాగితం మీది మాటలను పక్కనపెట్టి, ఇది రాయడానికి ముందు ఏం జరిగిందని అడగడం మొదలుపెట్టాను. ఈ పుస్తకం కొత్తది కాదు. ముందు ఏడాది కూడా ఇదే పాఠం చెప్పారు, అప్పుడు ఏ కాగితమూ రాలేదు. మరి ఇప్పుడే ఎందుకు వచ్చింది?

పాస్టర్ గారి ఇంట్లో కూర్చున్నప్పుడు తెలిసింది. ఆయన సంఘంలోని ఒక దళిత కుటుంబం అమ్మాయి అదే తరగతిలో చదువుతోంది. చార్టు తగిలించిన రోజు నుంచి కొందరు మగపిల్లలు ఎడమ చివరి బొమ్మను చూపించి ఆ అమ్మాయి పేరు పెట్టి పిలుస్తున్నారు. చామనఛాయ కంటే నలుపు, ఊరి చివరి వాడ నుంచి వస్తుంది. అంతకంటే వాళ్లకు కారణం అక్కర్లేకపోయింది. తల్లిని పిలిపించారు. ఆమె నేల చూపులు చూస్తూ, "పిల్లను కోతి అంటున్నరు సార్. బడికి పోనని ఏడుస్తున్నది. కోతుల నుంచి పుట్టిండ్రని మేడమే చెప్పిందట గదా" అంది.

పాస్టర్ గారికి సృష్టి విషయంలో అభ్యంతరం నిజంగానే ఉంది, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఏటా ఊరుకున్న మనిషిని ఈసారి కలం పట్టించింది ఆ అమ్మాయి ఏడుపే. కులం పేరుతో అవమానం జరిగిందని రాస్తే ఊళ్లో ఏమవుతుందో ఆయనకు తెలుసు. విశ్వాసం దెబ్బతిందని రాయడం ఆయనకు తేలికైన దారి.

దీంతో పని వరస మారింది. సిద్ధాంతాన్ని సమర్థించడం తర్వాత. ముందు ఆ అమ్మాయి తలెత్తుకుని బడికి రావాలి. హెచ్ఎం ఆ మగపిల్లలనూ, వాళ్ల తండ్రులనూ విడివిడిగా పిలిచి మాట్లాడారు. అందరి ముందు క్షమాపణ చెప్పించాలా వద్దా అని ఆలోచించి వద్దనుకున్నాం. అందరి ముందు చెప్పిస్తే అమ్మాయి మళ్లీ అందరి కళ్లలో పడుతుంది. తల్లి కూడా అది కోరలేదు. చార్టు తీసేశాం.

చార్టు తీయడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. అది సైన్సుగానే తప్పు. పరిణామాన్ని అది ఒక నిచ్చెనగా చూపిస్తుంది, ఒకరు కింద, ఒకరు పైన అన్నట్టు. కులం తెలిసిన పిల్లవాడికి ఆ బొమ్మ చదవడం ఎవరూ నేర్పక్కర్లేదు.

కొమ్మల బొమ్మ

చార్టు స్థానంలో మేడమ్ నల్లబల్ల మీద కొమ్మలు వేసింది. ముందు ఒక అబ్బాయిని లేపి, "నువ్వు మీ పెదనాన్న కొడుక్కి పుట్టావా?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. "మరి మీ ఇద్దరికీ చుట్టరికం ఎట్లా?" "మా తాత ఒక్కడే మేడమ్." అప్పుడు తాత దగ్గర చుక్క పెట్టి రెండు గీతలు తీసింది. అదే పద్ధతిలో ఇంకో చుక్క పెట్టింది, సుమారు 60, 70 లక్షల ఏళ్ల వెనక. అక్కడి నుంచి ఒక కొమ్మ చింపాంజీల వైపు, ఒక కొమ్మ మన వైపు. ఇప్పుడున్న ఏ కోతి నుంచీ మనిషి పుట్టలేదు, రెండు కొమ్మలకూ మొదలు ఒకటి. ఆ మొదట్లో ఉన్న జీవి ఇప్పుడు లేదు.

తర్వాత ఆమె అడిగిన ప్రశ్నే ఈ మొత్తం కేసులో కీలకమని నా అభిప్రాయం. "ఈ క్లాసులో ఆ చుక్కకు ఎవరు దగ్గర? ఎవరు దూరం?" పిల్లలు గీతల మీద వేలు పెట్టి చూశారు. అందరూ కొమ్మ చివరే ఉన్నారు. అందరికీ దూరం ఒక్కటే. హోమో సేపియన్స్ ఆఫ్రికాలో సుమారు 3 లక్షల ఏళ్ల కిందట కనిపించారని, ఈ రోజు భూమి మీద ఉన్న మనుషులందరూ ఆ ఒకే జాతి అని చెప్పింది. చర్మం రంగు సంగతి కూడా దాటేయకుండా చెప్పింది. ఎండ ఎక్కువగా ఉన్న చోట మెలనిన్ (చర్మానికి నలుపునిచ్చే పదార్థం) ఎక్కువ ఉన్నవాళ్లకు శరీరంలోని ఫోలేట్ అనే విటమిన్ దెబ్బతినకుండా రక్షణ ఉంటుంది, పుట్టబోయే బిడ్డకు ఫోలేట్ అవసరం. నలుపు ప్రకృతి వరణంలో (బతకడానికి పనికొచ్చే లక్షణాలే తరతరాలుగా మిగలడంలో) నిలిచిన లక్షణం, వెనకబాటుకు గుర్తు కాదు. ఎవరి పేరూ ఎత్తలేదు. క్లాసులో ఆ మాట ఎవరికి తగలాలో వాళ్లకు తగిలింది.

దశావతారాల సంగతి

పెద్దమనిషి కోరికకు ఒప్పుకుంటే ఊళ్లో చాలా ఇళ్లు సంతోషిస్తాయి, పాఠానికి అండ దొరుకుతుంది. మేడమ్ కూడా ఒక దశలో సరేననబోయింది. నేను వద్దన్నాను. ఏ తాబేలూ తరాలు గడిచి వరాహంగా మారిందని పురాణం చెప్పదు. ప్రతి అవతారమూ భగవంతుడు తన సంకల్పంతో దిగిరావడం, ఒక పని కోసం. అందులో వైవిధ్యాలు, వారసత్వం, బతుకు కోసం పోటీ, కోట్ల ఏళ్ల కాలం లేవు, ఉండాల్సిన అవసరమూ లేదు. దాన్ని జీవశాస్త్రంగా మార్చితే రేపు శిలాజాలతో సరిపోలలేదని ఎవరైనా దాన్నీ పరీక్షకు పెడతారు. భక్తితో చదివే కథకు అది అన్యాయం. పైగా ఒక మతం కథను నల్లబల్ల మీద రాస్తే, బైబిల్ కూడా రాయమని పాస్టర్ గారు అడుగుతారు, ఖురాన్ సంగతేమిటని చివరి బెంచీ పిల్లల తండ్రులు అడుగుతారు. ప్రభుత్వ నిధులతోనే నడిచే బడిలో మతబోధన ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. ఇదంతా హెచ్ఎం ఆయనకు గౌరవంగా చెప్పారు. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ పట్టుబట్టలేదు.

పాస్టర్ గారితో మాట్లాడినప్పుడు నాకూ ఒక ఎంపిక ఎదురైంది. 1996లో పోప్ జాన్ పాల్ 2 పరిణామ సిద్ధాంతాన్ని కేవలం ఒక ఊహగా చూడలేమని చెప్పారు. అది చెబుదామా అనుకున్నాను. చెప్పలేదు. ఆయనది ప్రొటెస్టెంటు సంఘం, పోప్ మాట వాళ్లకు ప్రమాణం కాదు. అంతకంటే ముఖ్యంగా, ఆయన విశ్వాసాన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఆయనకు చెప్పడం నా పని కాదు. ఆయన అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: "ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి చెప్తే పిల్లలు ఏది పట్టుకోవాలి?" నేను చెప్పింది ఇంతే. బడి పాఠాన్ని పూర్తిగా చెబుతుంది, సగం చెప్పదు. శాస్త్రవేత్తలు ఏం చెబుతున్నారు, ఏ ఆధారంతో చెబుతున్నారు అన్నది పిల్లలకు అర్థం కావాలి, అది పరీక్షిస్తాం. నువ్వు నమ్ముతున్నావా అని క్లాసులో గానీ పరీక్షలో గానీ ఎవరూ అడగరు. ప్రార్థన చేసే పిల్లను ఎవరూ ఎగతాళి చేయరు, చేస్తే హెచ్ఎం చూసుకుంటారు. చివరి మాట విన్నాక ఆయన ముఖం తేలికపడింది.

పత్తి చేను

అసలు పాఠం నిలబడింది ఇక్కడ. మనిషిని చివరికి నెట్టి, పిల్లల ఇళ్లకు దగ్గరగా ఉన్న జీవి నుంచి మొదలుపెట్టాలని అనుకున్నాం. క్లాసులో ఎక్కువమంది ఇళ్లలో పత్తే. జనవరిలో చేన్లలో ఆఖరి కాయలు ఇంకా ఉంటాయి. పురుగు పట్టిన కాయలు తెమ్మంటే సంచుల నిండా తెచ్చారు.

కాయలను బ్లేడుతో నిలువునా కోశారు. పైకి బాగానే కనిపించే కాయ లోపల దూది పసుపు రంగుకు తిరిగి ముద్దకట్టి ఉంది. రెండు గింజలను ఒకదానికొకటి అతికించుకుని, వాటిని తొలిచి మధ్యలో పడుకున్న గులాబీ రంగు పురుగు. మేడమ్ అడిగింది: "బీటీ విత్తనం పురుగును చంపడానికే కదా వచ్చింది. మరి ఇది ఎట్లా బతికింది?"

వచ్చిన జవాబు ఊహించిందే. "మందుకు అలవాటు పడ్డది మేడమ్." రైతులూ ఇదే అంటారు, అది బతుకులో అలవడిన మార్పు పిల్లలకు వస్తుందన్న లామార్క్ ఆలోచనకు దగ్గరగా ఉంటుంది. తప్పని వెంటనే కొట్టిపారేయకుండా, అదే పాఠంలో ఉన్న మెండల్‌ను బయటికి తీసింది. బీటీ పత్తి అంటే పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా జన్యువు చేర్చిన పత్తి. ఆ విషాన్ని తట్టుకునే గుణం ఈ పురుగులో చాలావరకు అంతర్గత లక్షణం, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే బయటపడేది. తట్టుకోలేనిది BB, తట్టుకునేది bb అనుకోమంది. మొదట్లో bb పురుగులు చాలా అరుదు. బీటీ చేను BBలను చంపేస్తుంది, Bbలను చంపేస్తుంది, మిగిలేవి bbలు. అవి రెండూ జతకడితే? పిల్లలు గళ్లు గీసి నింపారు: bb, bb, bb, bb. ఏ ఒక్క పురుగూ అలవాటు పడలేదు. తట్టుకోలేనివి పోయాయి, తట్టుకునేవి పిల్లలను పెట్టాయి. కొన్ని తరాల్లో చేనంతా వాటి సంతానమే. ప్రకృతి వరణం నిర్వచనం ఆ తర్వాత రాయించింది, ముందు కాదు.

అప్పుడు ఒక అమ్మాయి అడిగింది, విత్తనాల ప్యాకెట్‌తో పాటు చిన్న పొట్లం ఇస్తారు కదా, అదెందుకు అని. 450 గ్రాముల బీటీ విత్తనంతో 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం ఇచ్చేవారు, చేను చుట్టూ సాళ్లు వేయడానికి. చాలామంది రైతులు దాన్ని పారేసేవారు. మేడమ్ గళ్ల పట్టిక మళ్లీ వేయించింది. చుట్టూ సాళ్లలో బతికిన BB రెక్కల పురుగు, చేన్లో మిగిలిన bbతో జతకడితే పిల్లలన్నీ Bb. అవన్నీ బీటీ మొక్క తిని చస్తాయి. పొట్లం వెనక ఉన్నది మెండల్, డార్విన్ ఇద్దరూ. శనగపచ్చ పురుగు ఇంత మొండికేయకపోవడానికి కూడా పిల్లలే కారణం చెప్పారు: అది కంది మీదా, శనగ మీదా బతుకుతుంది, అక్కడ బీటీ లేదు. గులాబీ పురుగుకు పత్తే దిక్కు.

దేశంలో బీటీ పత్తి 2002లో వచ్చింది, రెండు జన్యువుల రకం 2006లో. గుజరాత్‌లో మొదటి రకాన్ని తట్టుకునే గులాబీ పురుగు ఆ దశాబ్దం చివరికే కనిపించింది, తర్వాత కొన్నేళ్లకే రెండో రకాన్నీ తట్టుకుంది. పరిణామం ఎవరూ చూడలేదన్న మాటకు ఈ పిల్లల దగ్గర ఇప్పుడు సొంత జవాబు ఉంది. ఫిర్యాదు మీద సంతకం పెట్టిన వాళ్లలో ఒక రైతు తర్వాత బడికి వచ్చాడు, ఆ పొట్లం లెక్క తనకూ ఒకసారి చెప్పమని. ఆయన కూతురు బల్ల మీద గళ్లు గీసి చెప్పింది.

శిలాజాలు ఆ తర్వాత తేలికయ్యాయి. పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన కోటాసారస్ ఎముకల గూడు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టి ఉంది. జురాసిక్ కాలం నాటి జంతువు మన గోదావరి లోయలో తిరిగిందంటే పిల్లలకు కలిగే ఆసక్తి వేరు. మానవ పరిణామం, అంటే పైన చెప్పిన కొమ్మల బొమ్మ పాఠం, అన్నింటికంటే చివర చెప్పారు. అప్పటికి అది ఒక్కటే వింతగా, అవమానంగా కనిపించే స్థితి పోయింది.

మిగిలినవి

ఆ అమ్మాయి పరీక్షలు రాసింది. పాస్టర్ గారు తన అభిప్రాయం మార్చుకోలేదు, మారాలని మేమూ పెట్టుకోలేదు. కాగితం మాత్రం వెనక్కి తీసుకున్నారు. ప్రీ ఫైనల్‌లో ఒక అబ్బాయి ప్రకృతి వరణాన్ని గులాబీ పురుగు ఉదాహరణతో చక్కగా రాసి, కింద "అయినా మనిషిని దేవుడే చేశాడని నేను నమ్ముతాను" అని చేర్చాడు. మార్కులు తగ్గించాలా అని మేడమ్ అడిగింది. అడిగిన ప్రశ్నకు జవాబు పూర్తిగా ఉంది, పూర్తి మార్కులు వేయమన్నాను. ఆ వాక్యం కింద ఎర్ర గీత కూడా వద్దన్నాను.

పరిష్కారం కానిది కూడా ఉంది. ఆ మగపిల్లలు పాఠం నేర్చుకున్నారు, గళ్లు నింపారు, మాట ఆపారు. కులం విషయంలో వాళ్ల మనసు మారిందని నేను చెప్పలేను. ఒక జీవశాస్త్రం పాఠంతో అది జరుగుతుందని ఆశించడం ఆ పాఠం మీద ఎక్కువ బరువు వేయడమే.

ఆ తర్వాత పరిస్థితి ఇంకా కష్టమైంది. జాతీయ స్థాయిలో పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ తగ్గింపులో పదో తరగతి అనువంశికత, పరిణామం పాఠం నుంచి పరిణామం భాగాన్ని తీసేశారు. 2023లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు బహిరంగ లేఖలో అభ్యంతరం చెప్పారు. ఆంధ్రప్రదేశ్ 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే తీసుకుంది. అంటే అక్కడ ఇంటర్లో బైపీసీ తీసుకోని పిల్లలకు క్లాసులో డార్విన్ పేరు వినే అవకాశం దాదాపు లేదు. కానీ మెండల్ ఆ పుస్తకంలో ఇంకా ఉన్నాడు. గుంటూరు, కర్నూలు వైపు పత్తి చేన్లలో గులాబీ పురుగు ఉంది. Bb గళ్లు నింపించే రోజున ఒక పురుగు పట్టిన కాయ క్లాసుకు తెప్పించడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.